అవ్వకు చూపించిన పట్నం

హైదరాబాదు గల్లీలు నాకు కిరాయి అర్ర కోసం తిరిగితేనే తెలిసినయి. 1990లో ఉస్మానియాలో ఎమ్మేలో చేరాను. హాస్టలు సీటు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి. విద్యానగర్, నల్లకుంట, అంబర్‌పేట, రామంతాపూర్ – టులెట్ బోర్డు కనబడితే చాలు, గేటు కొట్టేవాణ్ని.

పట్నంలో ఇల్లు ఎట్లా కడతారో కూడా అప్పుడే చూశాను. ముందు ఇనుప గేటు. లోపల తులసికోట. తర్వాత వరండా, అందులో పేము కుర్చీ. ఆ కుర్చీ దాకా రానిస్తే సగం పని అయినట్టే. చాలాచోట్ల గేటు దగ్గరే తేలిపోయేది. ‘ఏ వూరు?’ ‘పాలమూరు జిల్లా.’ ‘ఏం చదువు?’ ‘ఎమ్మే.’ అప్పటిదాకా ముఖంలో నవ్వుంటుంది. ‘ఇంతకూ మీరేమిటోళ్లు?’ నేను చెప్పిన మరుక్షణం వాళ్లకు బావమరిది యాదికొస్తాడు. ‘అర్ర ఆయనకిస్తామని మాటిచ్చినం బాబూ.’ ఆ నెలలో ఎంతమంది బావమరుదులు హైదరాబాదుకు కాపురమొచ్చారో!

పదకొండు ఇండ్లు తిరిగాను. పన్నెండో ఇంట్లో ‘కాపోళ్లం’ అన్నాను. డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన రేకుల అర్ర. నెలకు నూటయాభై.

ఈ సంగతి ఇన్నేండ్లు ఎక్కడా రాయలేదు. 1985లో కారంచేడు జరిగినప్పుడు కాలేజీలో గోడల మీద నినాదాలు రాసినవాణ్ని. మీటింగుల్లో గొంతు పోయేట్టు మాట్లాడినవాణ్ని. ఈ ఒక్కటి రాయడానికి చెయ్యి రాలేదు.

మూడో నెలలో అవ్వ వచ్చింది. గౌలిగూడ బస్టాండులో దిగింది. ఆ పెద్ద రేకుల షెడ్డు 2018లో కూలిపోయింది గానీ, అప్పుడు జిల్లా బస్సులన్నీ అక్కడికే వచ్చేవి. చంకలో మూట. విప్పకముందే వాసన తెలిసింది. తునకలు. ఎండబెట్టిన పెద్దకూర, నా కోసం నెలరోజులు దాచింది. ఆ మూటతో, ఆ మాటతో, చేతుల మీది ఆ పచ్చబొట్లతో అవ్వను ఆ గేటు లోపలికి ఎట్లా తీసుకపోను?

‘అవ్వా, ముందు పట్నం చూద్దాం రా’ అన్నాను.

అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీద నిలబడ్డాం. ఇవతల ఉస్మానియా దవాఖానా, అవతలి ఒడ్డున 1920లో తెరిచిన హైకోర్టు గుమ్మటాలు. 1908లో ఈ మూసీకి వరదొచ్చి వేలమంది కొట్టుకపోయారని చెప్పాను. ‘ఒడ్డుకున్నోళ్లు ఎవరై ఉంటరు, మనసొంటోళ్లే’ అన్నది. పత్తర్‌గట్టి కమాన్ల కింద నడుస్తూ రాళ్లను చేత్తో తడిమింది. అవ్వకు రాయి తెలుసు. పెండ్లయిన కొత్తల నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్లు మోసింది, పాలమూరు లేబర్‌లో ఒకతె. చార్మినార్ కింద నేను కులీ కుతుబ్ షా, 1591 అని పాఠం మొదలుపెడితే, ఆమె మెడ వెనక్కి వాల్చి మీనార్లు చూసి, ‘గంత పైకి సున్నం ఎట్ల ఎక్కిచ్చిండ్రు? మంచె కట్టిండ్రా, ఏనుగులా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చరిత్ర పుస్తకంలో రాజు పేరుంది, మంచె సంగతి లేదు.

ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. తాగినంక అవ్వ గిలాస పట్టుకుని లేచింది. నల్లా ఎక్కడున్నదా అని చుట్టూ చూస్తున్నది. ‘ఏందవ్వా?’ ‘కడిగి పెట్టొద్దా?’ టేబులు తుడిచే పిలగాడు వచ్చి గిలాసలన్నీ ఒకే బకెట్లో వేసుకుపోయాడు. అవ్వ ఆ బకెట్టు దిక్కే చూసింది. మా ఊరి హోటల్లో మా గిలాసలు బయట చూరుకు ఉండేవి.

అక్కడినుంచి చాదర్‌ఘాట్ దాకా నడిచి యూనివర్సిటీ బస్సెక్కాం. ఆ చాదర్‌ఘాట్‌లోనే భాగ్యరెడ్డి వర్మ వాళ్ల ఆది హిందూ భవన్ ఉందని నాకు తెలిసింది ఇంకో రెండేండ్లకు. 1910లోనే ఇసామియా బజారులో మన పిల్లలకు బడి పెట్టిన మనిషి. చార్మినార్ చూపించినవాణ్ని, మనవాళ్లు కట్టుకున్న ఇంటి గురించి ఒక్క మాట చెప్పకుండా ఆ దారిలోనే అవ్వను నడిపించాను.

ఆర్ట్స్ కాలేజీ ముందు అవ్వ చానాసేపు నిలబడ్డది. గులాబీరంగు రాయి, అంత ఎత్తు కమాను. రాతికీ రాతికీ మధ్య సందు వెతికింది. ‘సాగర్ల మేం పెట్టినయి గింత నున్నగ లేకుండె’ అన్నది. 1939లో తెరిచారని, 1953లో అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఈ యూనివర్సిటీనేనని గొప్పగా చెప్పాను. మెట్ల దగ్గరికి రాంగనే చెప్పులు విడిచి చేతిల పట్టుకున్నది. ‘గుడి కాదవ్వా, ఏసుకో’ అన్నాను. గుడి అనుకుని విడవలేదామె. దొరల బజార్ల నడిచినట్టు, అలవాటుగా విడిచింది. నేను చెప్పినా ఏసుకోలేదు.

పొద్దుగూకింది. మళ్లీ గౌలిగూడ. బస్సు కిటికీలోంచి మూట నా చేతికిచ్చి, ‘నీ అర్ర సూపియ్యనే లేదు కొడుకా’ అన్నది.

‘దూరమవ్వా. మళ్లొచ్చినప్పుడు చూద్దువు.’

ఇంకేమీ అడగలేదు. ఆమెకు అర్థమైందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగే ధైర్యం వచ్చేనాటికి అవ్వ లేదు.

ఆ రాత్రి హాస్టల్లో మనోళ్ల రూములో హీటరు మీద తునకలు వండుకుని తిన్నాం. ఆరుగురం. ఒక్క తునక మిగల్లేదు. అందరూ నిద్రపోయే టైము చూసుకుని నా అర్రకు పోయాను. గేటు చప్పుడు కాకుండా తీసి, మెట్ల కింద నల్లా దగ్గర సబ్బుతో చేతులు మూడుసార్లు కడుక్కున్నాను.