గోదావరి స్టేషను

రాజమహేంద్రవరమునకు స్టేషనులు రెండు. పెద్దదాని నెల్లరు నెఱుగుదురు. ఏటియొడ్డున నున్న చిన్నదానికి నదిపేరే పేరు. దూరపు బండ్లు పెక్కు దానిని చూడనట్లే సాగిపోవును. పాసింజరులు మాత్రము నిలిచి, కొవ్వూరు, నిడదవోలు వైపునుండి వచ్చు ఉద్యోగస్థులను, కూలివారిని, పుష్కర ఘట్టమున స్నానమాడవచ్చు ముత్తైదువలను దింపును.

వంతెన లేని దినములలో రైలు దిగినవారు పడవ నెక్కి యేఱు దాటవలసివచ్చెడిది. 1897లో పని మొదలిడి, 1900లో 56 ఖానాల హేవ్‌లాక్ వంతెనను తెఱచిరి. 1997లో దానికి విశ్రాంతి నిచ్చిరి. ఇప్పుడు బండ్లు, పైన రోడ్డు క్రింద రైలు గల 1974 నాటి వంతెనమీదను, విల్లులవంటి కమానుల క్రొత్త వంతెనమీదను పోవును. వంతెన యేదైనను కిటికీనుండి గోదావరికి నాణెము విసరి చేతులు జోడించుట మనవారు మానలేదు.

మాయూరు కొవ్వూరున కావల. రాజమండ్రిలో పంతులమ్మనై యేండ్లతరబడి యీ బండ్లలోనే తిరిగితిని. పెట్టెలో మల్లెమాలలు కట్టుకొనుచు, ఆవకాయపాళ్లు మొదలు పెండ్లిసంబంధముల వఱకు ముచ్చటించుకొనెడివారము. ఒక్క సంగతి మాత్రము, సోదరీమణులారా, ఎవ్వరమును నోరెత్తలేదు.

నాకు అయిదవ నెల. నేను బండి యెక్కు స్టేషనులో (పేరు చెప్పి ప్రయోజన మేమి?) ఆడువారి మరుగుదొడ్డికి తాళము వేసియుండెను. తాళపుచెవి యడిగితిని. "ఇప్పుడే వచ్చు" ననిరి. బండి వచ్చినది గాని తాళపుచెవి రాలేదు. నాటినుండి ఉదయము కాఫీ మానితిని. సాయంకాలము ఇల్లు చేరువఱకు నీళ్లు ముట్టనైతిని. డాక్టరమ్మ గట్టిగా మందలించినది. ఆ మాట బండిలో చెప్పగా, ప్రక్కనున్నావిడ మెల్లగా "నేనును అంతే" ననినది. ఎదుటి బల్లమీది యిద్దఱును తల లూచిరి. ఇన్నాళ్లు సిగ్గుచేత ఒకరి దాహ మొకరికి తెలియనే లేదు!

అందఱము కలిసి కాగితము వ్రాసి చేవ్రాళ్లు చేసి యిచ్చితిమి. నెలకు తాళము తీసిరి. లోపల గొళ్లెము లేదు. ఒకరు లోనికి పోవ నొకరము తలుపు పట్టుకొని నిలిచెడివారము. మఱి కొన్నాళ్లకు మాలో నొకతె భర్తచేత గొళ్లెము తెప్పించి తానే బిగింపించినది.

ఆనాడు కడుపులో నున్న పిల్ల యిప్పుడు ఆ బండిలోనే కాలేజికి పోవుచున్నది. ఉదయము దాని సంచిలో నీళ్లసీసా పెట్టుదును. సాయంకాలము రాగానే తీసి చూతును. నిన్న సగము మిగిలియున్నది.