కడుపులో మంట పెట్టింది ఎవరు?

మన ఇళ్లలో కడుపుకి ఏ బాధ వచ్చినా ఒకటే పేరు, గ్యాస్. మంటైనా, ఉబ్బరమైనా, రెండు ముద్దలకే బరువెక్కినా గ్యాసే. వాము నీళ్లు తాగుతాం, లేదంటే ఓ మాత్ర వేసుకుంటాం. నా విషయంలో ఆ గ్యాస్ వెనక ఉన్నదేంటో రక్తహీనత బయటపెట్టింది.

ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ 9 దాటలేదు. నెలసరి మామూలుగానే ఉంది. డాక్టరు ఎండోస్కోపీ చేసి, కడుపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ‘క్రానిక్ యాక్టివ్ గ్యాస్ట్రైటిస్, హెలికోబాక్టర్ పైలోరి’ అని రిపోర్టు వచ్చింది. క్రానిక్ అంటే ఎప్పటినుంచో ఉన్నదని తెలుసు. మరి యాక్టివ్ అంటే? “న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు ఇప్పటికీ అక్కడ యుద్ధం చేస్తున్నాయని” అన్నారావిడ.

ఆ యుద్ధం గురించి చదివితే ఆశ్చర్యమేసింది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నతనంలోనే ఒంట్లో చేరుతుంది. చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని యాసిడ్ దెబ్బ తగలకుండా, కడుపు గోడ మీది జిగురులో కాపురం పెడుతుంది. దాన్ని పసిగట్టిన గోడ కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే కబురు పంపిస్తాయి. బొట్టు పెట్టి పిలిచినట్టే! న్యూట్రోఫిల్స్ పరుగెత్తుకొస్తాయి. కానీ దొంగ జిగురులో భద్రంగా ఉంటాడు, వీళ్లు విసిరే దెబ్బలు మన గోడకే తగులుతాయి. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే కబుర్లు కూడా తోడై వాపుని పెంచుతాయి.

ఈ ఇంటర్‌ల్యూకిన్-1 బీటాకి ఇంకో గుణం ఉంది, యాసిడ్ తయారీని అణిచేస్తుంది. అంటే ‘ఎసిడిటీ’ అనుకునేవాళ్లలో కొందరికి నిజానికి యాసిడ్ తగ్గిపోతూ ఉండొచ్చు. ఆకుకూరల్లో, రాగుల్లో, మాత్రల్లో ఉండే ఇనుము వంటబట్టాలంటే యాసిడ్ కావాలి. నా మాత్రలు ఎందుకు పనిచేయలేదో అప్పుడర్థమైంది.

బ్యాక్టీరియా ఉన్నంతకాలం ఈ పిలుపులు ఆగవు. చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి పుండ్లు పడతాయి, ఏళ్లు గడిచాక కొద్దిమందికి క్యాన్సర్ దాకా పోతుంది. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు ఈ బ్యాక్టీరియాని స్వయంగా తాగి, తన కడుపులోనే వాపు తెప్పించుకుని చూపించారు. 2005లో ఆయనకీ, రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. మధ్యలో 1994లో దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు.

నాకు 14 రోజులు నాలుగు రకాల మందులిచ్చారు. నోరంతా చేదు, బిస్మత్ వల్ల నాలుక నల్లబడింది. మానేద్దామనిపించినా మానలేదు, ఎందుకంటే సగంలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మందులకి లొంగకుండా తయారవుతుంది. కోర్సు అయ్యాక నాలుగు వారాలు ఆగి, అందులో చివరి రెండు వారాలు యాసిడ్ మాత్రలు కూడా మానేసి, ఊపిరి పరీక్ష చేయించుకున్నాను. పోయిందో లేదో తేల్చేది ఊపిరి పరీక్ష, లేదా మల పరీక్ష. రక్తంలో యాంటీబాడీలు పోయాక కూడా చాలాకాలం కనిపిస్తాయి కాబట్టి ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు.

నాకు నెగెటివ్ వచ్చింది. కొన్ని నెలలకి, అవే ఐరన్ మాత్రలతో, హిమోగ్లోబిన్ 11.8కి చేరింది.

మన అమ్మలు చాలామంది పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడగండి: “ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నావమ్మా? ఎప్పుడైనా పరీక్ష చేయించావా?”