వాగ్దానంలో వాటా

డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటగానే తెలుగు చర్చిల్లో ఒక చిన్న తోపులాట మొదలవుతుంది. పాటలు అయిపోయాయి, ప్రార్థన ముగిసింది, కొత్త సంవత్సరం వచ్చేసింది. ఇక పళ్లెంలో బోర్లించి పెట్టిన వాగ్దాన కార్డుల వంతు. తలా ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమకు ఇచ్చిన మాట అదేనని నమ్ముతారు. అప్పుల్లో ఉన్నవాడికి సమృద్ధి గురించిన వచనం వస్తే కళ్లు చెమరుస్తాయి. ఓర్పు గురించి వస్తే మొహం కాస్త చిన్నబోతుంది. శాపాల వచనాలు మాత్రం కార్డుల మీద ఎవరూ అచ్చువేయరు. పక్కవాళ్లకు ఏం వచ్చిందో కనుక్కోకుండా ఇల్లు చేరేవారు తక్కువే.

ముచ్చటైన ఆచారమే. కాకపోతే అపొస్తలుడు పౌలుకు ఈ పళ్లెం ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఆయన లెక్కలో దేవుని వాగ్దానం చీటీ తీస్తే తగిలేది కాదు, ఆస్తిలా సంక్రమించేది. నేటి టర్కీలో ఉన్న గలతీయ ప్రాంతపు సంఘాలకు రాసిన పత్రికలో ఆయన వాదన దాదాపు వకీలు వాదనలాగే సాగుతుంది. దేవుడు అబ్రాహాముకు మాట ఇచ్చాడు. ధర్మశాస్త్రం వచ్చింది 430 ఏళ్ల తర్వాత. ముందు రాసిన వీలునామాను తర్వాత వచ్చిన చట్టం కొట్టేయలేదు. మరి వారసులెవరు? అబ్రాహాము రక్తం పంచుకున్నవారు మాత్రమే కాదు, సున్నతి చేయించుకున్నవారు మాత్రమే కాదు. క్రీస్తుకు చెందినవారు ఎవరైనా సరే. యూదుడా, గ్రీకువాడా, దాసుడా, స్వతంత్రుడా, ఆడా, మగా అన్న ప్రశ్న అక్కడ చెల్లదు. విడిగా ఎవరి చీటీ వారికి ఉండదు. ఉన్నది ఒకే వారసత్వం. క్రీస్తులో ఉన్నవాళ్లందరికీ అందులో వాటా ఉంది.

పుట్టుకతో ఆస్తి, అంతస్తు వచ్చిన మనిషికి ఇది మంచి మాటగా వినిపిస్తుందేమో. తాతల నాటి నుంచి వెట్టి తప్ప మరేదీ సంక్రమించని మనిషికి ఎలా వినిపించి ఉంటుంది? ఆ జవాబు ఒంగోలు చరిత్రలో ఉంది.

1866లో తాళ్లకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకు ముందే యోగ గురువుల దగ్గర శిష్యరికం చేసి దేవుణ్ని వెతుకుతున్న మనిషి. ఒంగోలులో కాపురం పెట్టిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు మాదిగ పల్లెల దారి చూపింది ఒక రకంగా ఆయనే. పై కులాల నుంచి కొందరు వస్తామన్నారని, మాదిగలను చేర్చుకుంటే కుదరదన్నారని మిషన్ చరిత్రలు చెబుతాయి. ఏం చేయాలో తోచని క్లౌ, ఆయన భార్య విడివిడిగా కొత్త నిబంధన తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనే పౌలు మాటలు అవి. (వాగ్దాన కార్డుల పద్ధతికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు మరి.) మాదిగలే లోపలికి వచ్చారు.

రావడం చవకగా ఏమీ జరగలేదు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈ మూడూ ఒప్పుకున్నవారిని ఊరి మోతుబరులు ఊరకే వదలలేదు. జాతరలో డప్పు కొట్టనన్నవాడికి పని ఎవరిస్తారు? 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కానీ కూలి ఇచ్చిన రోజుల్లో బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడటం ఆయనకు ఇష్టం లేదు. అడిగినవారిని నెలల తరబడి ఆపారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని బాప్తిస్మం ఇచ్చారు. ఎగతాళి చేసేవారికి ఇప్పటికీ ఆ అంకె అనుమానమే. కరువు కాలమంతా ఆగి, ఆ తర్వాత కూడా వచ్చినవారిని ఏమనాలో మాత్రం వారు చెప్పరు.

ఆ మునిమనవలకు 1950లో మరో వాగ్దానం ఎదురైంది. ఇది రాజ్యాంగం ఇచ్చినది. ఆ ఏడాది ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరుచుకుంది. క్రైస్తవులకు తెరుచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు దక్కింది బీసీ-సీ కింద ఒక శాతం. వారసత్వం ఒప్పుకుంటే రిజర్వేషన్ పోతుంది, రిజర్వేషన్ కావాలంటే వారసత్వం దాచుకోవాలి. అందుకే కాగితం మీద ఒక మతం, ఆదివారం మరో మతం. దీన్ని వంచన అనడం తేలిక. ఒక వాగ్దానం కోసం మరో వాగ్దానాన్ని తాకట్టు పెట్టమన్న చట్టాన్ని ఏమనాలన్నది కష్టమైన ప్రశ్న. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది.

ఆ కాగితానికైనా ఎల్లలున్నాయి. సూరత్ జిల్లాలోని జోల్వా లాంటి మిల్లుల ఊరికి బతుకుతెరువు కోసం వెళ్లే తెలుగు కుటుంబానికి సొంత రాష్ట్రం ఇచ్చిన కుల ధ్రువపత్రం గుజరాత్ కోటాలో పనికిరాదు. సొంత రాష్ట్రపు హోదా వలసతో పాటు రాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. హద్దు దాటి చెల్లేది ఒకటుంది. అది పాస్టర్ రాసిచ్చే సంఘ బదిలీ ఉత్తరం. ఎక్కడ, ఎప్పుడు బాప్తిస్మం పొందిందీ, సంఘంలో సభ్యుడేననీ రెండు ముక్కలు. భాష రాని చోట, తెలుగు ఆరాధన ఉన్నా లేకపోయినా, ఆ రెండు ముక్కలకే బెంచీ మీద చోటు దొరుకుతుంది.

ఆ ఉత్తరంలో కులం గడి ఉండదు. పౌలు వాదనకు తెలుగులో అంతకన్నా పొట్టి అనువాదం లేదు. తెలుగు బైబిలు క్రీస్తుకు చెందినవారిని 'క్రీస్తు సంబంధులు' అంటుంది. సంబంధం అంటే మన వాడుకలో పెళ్లి కూడా. అక్కడే చిక్కు. ఎంత దూరం వెళ్లినా, ఎన్ని కార్డులు దాచుకున్నా, అమ్మాయికి సంబంధం చూడాల్సి వచ్చేసరికి చాలా ఇళ్లలో ఫోను సొంత పల్లెకే వెళుతుంది. అవతలి వాళ్లు కూడా క్రైస్తవులేనన్నది తెలిసిందే. అడిగేది మాలలా, మాదిగలా అని.