చాట్రాయి డొంకలో సైకిలు

మామిడిపండు తినడం వచ్చినవాళ్ళకల్లా మామిడికాయలు మోయడం రాదు. ఆ సంగతి నాకు మొన్న వేసవిలో చాట్రాయిలో తెలిసివచ్చింది.

నూజివీడు రసాలన్న పేరేగాని, ఆ రసాలు కాసే తోటలు చుట్టుప్రక్కల ఊళ్ళన్నిటా ఉన్నాయి. చాట్రాయి వాటిలో ఒకటి. కృష్ణాజిల్లాలో ఉండే ఈ ప్రాంతాన్ని 2022లో ఏలూరు జిల్లాలో కలిపారు. ఏ జిల్లా అయితేనేం, మా అమ్మకు పుట్టిల్లు.

అమ్మకు ఎనభై దాటాయి. తాతగారు వేసిన చిన్నరసం చెట్టు కాయ తినాలని రెండేళ్ళుగా ఎదురుచూస్తోంది. మామిడి ఒక ఏడు విరగగాస్తే మరుసటి ఏడు ముఖం చాటేస్తుంది గదా! ఈసారి కాసిందిగాని, గాలివానకు రాలగా మిగిలినవి రెండు గంపలు. తోటలోకి ఆటో రాదు. మామయ్య తన పాత సైకిలు ఇచ్చాడు. ఒక గంప వెనక క్యారియర్‌కు కట్టాను. రెండో గంప కాయలు రెండు సంచుల్లో పోసి, హాండిలుకు చెరో ప్రక్కా తగిలించాను. ఎంత తెలివి!

స్టాండు తీసీ తీయగానే ముందుచక్రం గిరుక్కున తిరిగింది. ఎలాగో ఎక్కాను. హాండిలు కాస్త కుడికి తిప్పితే సంచులు ఊగి ఇంకాస్త తిప్పుతాయి. సర్దబోతే ఎడమకు లాగుతాయి. ఇక మోకాళ్ళకు తగలడం సరేసరి. కాలవగట్టు దగ్గర బండిచాలులో చక్రం పడింది. నేనూ పడ్డాను. నా మోచెయ్యి చూసుకోకుండా కాయల వెంట పరుగెత్తాను. దెబ్బ తిన్న కాయ ఆ రోజు బాగానే ఉంటుంది. మాగవేసిన నాలుగోనాటికి నల్లబడుతుంది.

తోట కాపలా ముసలాయన వచ్చి నవ్వలేదు, అదే మేలు. “హాండిలు దారి చూపాలి బాబూ, బరువు మోయకూడదు” అన్నాడు. సంచుల అడుగున వరిగడ్డి పరిచి, రెండింటి మూతులూ కలిపి కట్టి, సీటు ముందున్న కడ్డీకి అటొకటీ ఇటొకటీ వేలాడేశాడు. బరువు క్రిందికి దిగింది, ఫ్రేము మీద పడింది. హాండిలు తేలికయింది.

“మరి తొక్కేదెలా?”

“తొక్కమన్నదెవరు? నడవండి.”

1954లో వియత్నాంవాళ్ళు డియన్ బియన్ ఫూ యుద్ధానికి బియ్యమూ మందుగుండూ వేలాది సైకిళ్ళ మీద చేర్చింది ఇలా నడిచే. హాండిలుకు పొడుగాటి వెదురుకర్ర కట్టి, దానితో చక్రం తిప్పుతూ ప్రక్కన నడిచేవారు. డెన్మార్కువాళ్ళ ‘లాంగ్ జాన్’ సైకిలుకైతే సామాను పెట్టే చోటు హాండిలుకు ముందే ఉంటుంది, కాని నేలకు దగ్గరగా, ఫ్రేములో భాగంగా. దాన్ని తొక్కవచ్చు కూడా. మామయ్య సైకిలుకు ఆ యోగం లేదు. ఎండలో నడిచాను.

ఇంటి వసారాలో అమ్మ ఒక్కొక్క కాయా చేతితో తడిమి చూసింది. ఏడు కాయలు విడిగా తీసింది.

“ఎక్కడ పడ్డావురా?”

“కాలవగట్టు దగ్గర.”

“మా నాన్నా అక్కడే పడేవాడు” అని, ఆ ఏడూ పప్పులోకి పంపించి, మిగతావి గడ్డిలో పేర్చడం మొదలుపెట్టింది.