ఒక ఫింజాను కహ్వా

1978లో వెలువడిన 'ది హౌస్ ఆఫ్ గాడ్' నవలను నవ్వకుండా చదివిన వైద్యుడు అరుదు. శామ్యూల్ షెమ్ అనే కలంపేరుతో స్టీఫెన్ బెర్గ్‌మన్ రాసిన ఆ పుస్తకంలో, నిద్రకు మొహం వాచిన ఇంటర్నులు వృద్ధ రోగులను 'గోమర్లు' అంటారు. మా ఎమర్జెన్సీ గదిలోంచి వెళ్లిపో అని దానర్థం. ఆ మాట వాళ్లకు అబ్బింది పాఠ్యగ్రంథాల్లోంచి కాదు, ఒక సీనియర్ నోటినుంచి.

ఒమాన్‌లో ఈ సమస్యకు మరో పొర ఉంది. వార్డులో రోగి మాట అరబ్బీ, కొన్నిచోట్ల బలూచీ, స్వాహిలీ. వైద్యుల చర్చ ఇంగ్లీషులో. మంచం పక్కన విసిరిన ఎకసెక్కపు మాట ముసలాయనకు అర్థం కాదని కుర్ర డాక్టరు ధీమా. ముఖాలు చదవడానికి భాష అక్కరలేదని అతనికి ఇంకా తెలియదు.

2006లో ఏర్పడిన ఒమాన్ మెడికల్ స్పెషాలిటీ బోర్డు స్పెషలిస్టు శిక్షణను చూస్తుంది. ఇలాంటి శిక్షణలో వృత్తిధర్మం కూడా మదింపుకు వచ్చే అంశమే. అయితే దానికి మార్కులు వేయడం గురువులకు ఎప్పుడూ ఇబ్బందే. 2005లో అమెరికాలో పపడాకిస్ బృందం, లైసెన్సు బోర్డుల శిక్షకు గురైన 235 మంది వైద్యుల విద్యార్థి దశను తవ్వి చూసింది. నూటికి 39 మంది రికార్డుల్లో పాత నడవడి లోపాలు కనిపించాయి. శిక్ష పడనివారిలో అవి 19 మందికే. అన్నిటికన్నా చేటు చేసినవి బాధ్యతారాహిత్యం, చెప్పినా దిద్దుకోకపోవడం. మిగిలిన 61 మంది నిష్కళంకులా, లేక వాళ్ల గురించి ఎవరూ రాయలేదా? రెండో అనుమానమే బలమైనది.

వాండర్‌బిల్ట్‌కు చెందిన హిక్సన్, సహచరులు 2007లో సూచించిన మార్గంలో తొలి మెట్టు శిక్ష కాదు. కాఫీ తాగుతూ జరిగే ఏకాంత సంభాషణ. అదే తప్పు మళ్లీమళ్లీ జరిగితేనే పై మెట్లు. కాఫీతోనే మర్యాద మొదలయ్యే దేశానికి ఇది పరాయి పద్ధతి కాదు. కహ్వాను చిన్న ఫింజానులో కొద్దికొద్దిగా పోస్తారు, పక్కన ఖర్జూరాలు పెడతారు. చాలనుకున్న అతిథి ఫింజానును అటూఇటూ ఊపేదాకా పోస్తూనే ఉంటారు.

చిక్కల్లా పోసేవాడితోనే. కాంట్రాక్టు మీద వచ్చిన పరదేశి గురువు, ఆ దేశపు బిడ్డకు తప్పు ఎత్తిచూపాలి. నోరు మెదపకుండా సంతకం పెట్టి పంపడం అతనికి సులువు. ధైర్యం చేసి కూర్చోబెడితే మాత్రం మొదట అడగవలసింది "ఎందుకిలా చేశావు?" అని కాదు. "నిన్న రాత్రి నిద్రపోయావా?" అని.