పది రోజుల మాత్ర

తిరుపతిలో రాత్రి ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం కష్టం. అర్ధరాత్రి దాటినా రైళ్లు దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు, కొండకు బస్సెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు. పైన తిరుమలలో ఏకాంత సేవలో అన్నమయ్య జోలపాట పాడి, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇచ్చి స్వామిని పవళింపజేస్తారు. కాసేపటికే మళ్లీ సుప్రభాతం! ఆ స్వామికే నిద్ర లేదు, మనకెక్కడిదిలే అని నవ్వుకునేవాళ్లూ ఉన్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ లాడ్జీలో రాత్రి డ్యూటీ చేసే కుర్రాడికి, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారే అమ్మాయికి, కోడికూతకు ముందే పాలు పితకడానికి లేచే చిత్తూరు పల్లె రైతుకు నిద్ర నిజంగానే కరవు. ఇక వయసు మీదపడినవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్క మీద దొర్లి దొర్లి విసిగిపోయాక అందరికీ గుర్తొచ్చేది ఒకటే... మందుల షాపు. చిన్న మాత్ర. అరగంటలో నిద్ర. ఇంతకన్నా ఏం కావాలి?

తిరకాసంతా అక్కడే ఉంది.

దిండు కింద అట్ట

చిత్తూరులో ఒక ఇల్లు. ఆ ఇంటి జేజికి డెబ్బై దాటాయి. భర్త పోయిన దిగులుతో రాత్రిళ్లు కంటి మీద కునుకు ఉండేది కాదు. డాక్టరు అల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాముల మాత్ర రాసిచ్చారు, పది రోజులకు. ఆ పది రోజులూ జేజి హాయిగా నిద్రపోయింది. పదకొండో రోజు ఆపడానికి ఎవరికీ మనసొప్పలేదు. 'నిమ్మళంగా నిద్రపోతా ఉండాది కదా, పోనీలే' అనుకున్నారు. మనవడు మొదట్లో పాత చీటీ చూపించి, ఆ తర్వాత ఖాళీ అట్ట చూపించి తెచ్చేవాడు. ఏడాది తిరిగేసరికి ఒక మాత్ర చాలలేదు. రెండయ్యాయి.

రెండేళ్లకు ఒక రాత్రి, బాత్‌రూముకని లేచిన జేజి తూలి పడింది. మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో 'ఇంకేం మందులు వాడుతున్నారు?' అని అడిగితే కొడుకు బీపీ మాత్ర చెప్పాడు, షుగరు మాత్ర చెప్పాడు. నిద్రమాత్ర ఊసెత్తలేదు. దాచాలని కాదు. అదీ ఒక మందేనని అతనికి తోచలేదు!

మూడోరోజుకు జేజి చేతులు వణకడం మొదలుపెట్టాయి. ఒళ్లంతా చెమటలు. 'మీ నాయన వాకిట్లో నిలబడుండాడు రా, లోపలికి పిలవరా' అంది కొడుకుతో. పడ్డ దెబ్బకు మతి తప్పిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. బట్టలు తేవడానికి ఇంటికెళ్లిన కోడలు, దిండు కింద కనిపించిన అట్టను తెచ్చి డాక్టరు చేతిలో పెట్టాకగానీ సంగతి బయటపడలేదు. రెండేళ్లుగా వేసుకుంటున్న మాత్ర ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ వణుకు, ఆ భ్రమ అందుకే. డాక్టర్లు మాత్రను మళ్లీ మొదలుపెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. జేజి తేరుకుంది.

బ్రేకు మీద కాలు

ఇదంతా ఎందుకు జరుగుతుంది? మెదడులో గాబా అనే రసాయనం ఉంటుంది. నరాల హడావుడిని తగ్గించే బ్రేకు అది. అల్ప్రజోలం, డైజిపామ్, నైట్రజిపామ్ లాంటి మాత్రలు ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా నొక్కుతాయి. వేరే కోవకు చెందిన జోల్పిడెమ్ చేసేదీ దాదాపు అదే. రోజూ బయటి నుంచి ఎవరో బ్రేకు నొక్కుతుంటే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. అందుకే కొన్నాళ్లకు పాత మోతాదు చాలదు. హఠాత్తుగా ఆపేస్తే ఆందోళన, వణుకు, ఒక్కోసారి మూర్ఛలు కూడా వస్తాయి.

2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై అధికారులు దాడులు చేసినప్పుడు జరిగిందీ ఇదే. అల్ప్రజోలం, డైజిపామ్ లాంటివి కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లు, అది ఒక్కసారిగా దొరక్కపోయేసరికి వింతగా ప్రవర్తిస్తూ, మూర్ఛలతో ఆసుపత్రుల్లో చేరారు. మాత్ర ఏ రూపంలో లోపలికి వెళ్లినా మెదడు లెక్క ఒక్కటే!

చీటీ లేకుండా వద్దు

2014 మార్చి 1 నుంచి మన దేశంలో ఇలాంటి మందులు చాలావరకు 'షెడ్యూల్ హెచ్1' కింద ఉన్నాయి. అట్ట మీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చిందీ విడిగా పుస్తకంలో రాసి, మూడేళ్లు భద్రపరచాలి. తెలిసిన షాపతను మొహమాటానికి ఇచ్చే అట్ట ఉపకారం కాదన్నమాట.

రాసిన మోతాదు వేసుకున్నా నిద్ర రాలేదా? ఇంకోటి మింగకూడదు. మాత్రల అట్ట తల దగ్గర ఉంటే, మత్తులో వేసుకున్న సంగతి మరచి మళ్లీ వేసుకునే ప్రమాదముంది. అట్ట బీరువాలో ఉండాలి. పెద్దవాళ్లకు ఏ రోజు మాత్ర ఆ రోజు ఇంట్లోవాళ్లు అందిస్తే మేలు. పిల్లల చేతికి అందనే కూడదు.

ఏడెనిమిది గంటలు పడుకునే వీలున్నప్పుడే, పక్క ఎక్కేముందే వేసుకోవాలి. టీవీ చూస్తూనో బస్సులోనో కాదు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కోడీన్ ఉన్న దగ్గు మందులతోనూ అదే భయం. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగేవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరికి ఇవ్వకూడదు.

తెల్లారినంత మాత్రాన మత్తు వదిలినట్టు కాదు. జోల్పిడెమ్ ఆడవాళ్ల ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుందని గుర్తించి 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్ల మోతాదును సగానికి తగ్గించమంది. నిద్రలోనే నడవడం, బండి నడపడం లాంటివి జరగడంతో 2019లో దానిపై తీవ్ర హెచ్చరికా పెట్టించింది. రాత్రి మాత్ర వేసుకుని, పొద్దున్నే కారు తీసి ఘాట్ రోడ్డు మలుపుల్లోకి వెళ్లేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

ఎవరైనా ఎక్కువ మాత్రలు మింగారని తెలిస్తే వాంతి చేయించే ప్రయత్నాలు వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అట్టను వెంట తీసుకెళ్లాలి. నిద్ర పట్టకపోవడం వెనుక బతుకు మీద విరక్తే ఉంటే, 14416 నంబరులో టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు.

అడగాల్సిన మాట

దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట చేయాల్సింది మాత్ర కాదని, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స అని అమెరికా వైద్యుల కాలేజీ 2016లోనే సూచించింది. రోజూ ఒకే వేళకు లేవడం, పగటి కునుకు తగ్గించడం, సాయంత్రం తర్వాత కాఫీ మానడం, నిద్ర వస్తేనే పక్క ఎక్కడం... ఇవన్నీ అందులో భాగమే. ఫలితం మాత్రంత వేగంగా కనిపించదు. కానీ వచ్చిన నిద్ర నిలుస్తుంది.

మాత్ర అవసరమైన రోజులూ ఉంటాయి. ఆప్తులు పోయినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు నాలుగు రాత్రుల నిద్ర మనిషిని నిలబెడుతుంది. అప్పుడు డాక్టరు రాసిస్తే వేసుకోవడంలో తప్పేమీ లేదు. కాకపోతే చీటీ అందుకుంటూ 'ఎప్పుడు వేసుకోవాలి?' అని అడిగే మనం, 'ఎప్పుడు, ఎలా ఆపాలి?' అని కూడా అప్పుడే అడగాలి.