రెండు నీళ్ళు కలిసే చోట

“హజ్రత్! రెండు సముద్రాలు కలిసే చోటును మీరెప్పుడైనా చూశారా?”

కహఫ్ సూరా పాఠం చెబుతుండగా పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు వేసిన ప్రశ్న ఇది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జ్ఞానార్జన కోసం రెండు జలరాశుల సంగమం వరకూ ప్రయాణించిన వృత్తాంతం ఆ సూరాలో ఉంది. పాతికేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఆ స్థలం ఏదన్న విషయంలో వ్యాఖ్యాతల భిన్నాభిప్రాయాలన్నీ నాకు కంఠస్థం. అయినా తీపినీరూ ఉప్పునీరూ కలిసే చోటు ఒక్కటి కూడా నా కళ్ళతో చూడలేదు. చిత్తూరులో పుట్టి పెరిగిన నాకు కొండలు తెలుసు, చెరువులు తెలుసు, సముద్రతీరం తెలియదు. “లేదు నాయనా” అన్నాను. ఆ జవాబు చాలా రోజులు నన్ను వెంటాడింది.

నిజానికి అలాంటి చోటు మనకు దూరంలో లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. దానితోపాటు పులికాట్ సరస్సూ మన గడపలోకి వచ్చింది. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత అంతటి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, ఆరణి నదులు వాననీటిని తెచ్చి ఇందులో పోస్తాయి. అటువైపు బంగాళాఖాతం తన ఉప్పునీటిని లోపలికి పంపుతుంది. నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగా నిలిచి ఉంది. దివ్య ఖుర్‌ఆన్‌లో మూసా (అలైహిస్సలాం) చేరిన సంగమం ఇదేనని నేను అనడం లేదు. అల్లాహ్ శక్తికి సూచనగా ఫుర్ఖాన్ సూరా ప్రస్తావించిన తీపి, ఉప్పు జలాలు పక్కపక్కనే ఉండే దృశ్యం ఎలా ఉంటుందో పిల్లలు చూడాలని మాత్రమే అనుకున్నాను.

ప్రయాణానికి అందరూ సమ్మతించలేదు. “హిఫ్జ్ కోసం పంపాం హజ్రత్, పిట్టల కోసం కాదు” అన్నారొక తండ్రి. “మూసా (అలైహిస్సలాం) ప్రవక్త అయి ఉండి కూడా నేర్చుకోవడానికి ఇల్లు విడిచి వెళ్ళారు కదా” అన్నాను. ఆయనకు పూర్తిగా తృప్తి కలగలేదు. అయినా కుమారుణ్ణి పంపారు.

జనవరిలో ఒకనాడు ఫజ్ర్ నమాజు ముగించుకుని బయలుదేరాం. తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి ముందుగా నేలపట్టు చేరాం. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన ఊరి చెరువు అది. అక్కడి పర్యావరణ విద్యా కేంద్రంలో అటవీశాఖ ఉద్యోగి ఒకరు పిల్లలను కూర్చోబెట్టి ఓపికగా చెప్పారు. గూడబాతులు అక్టోబరు నుంచి వచ్చి, నీటిలో నిలిచి పెరిగే చెట్ల మీద గూళ్ళు కడతాయి. పిల్లలు ఎగరగలిగేదాకా ఇక్కడే ఉంటాయి. పక్షుల రెట్టలు కలిసిన నీరు పొలానికి బలమని గ్రామస్తులు వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు.

గోపురం మీద నుంచి చూస్తే ఒక గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలోకి తల దూర్చి చేపను తింటోంది. ఒక కుర్రవాడు ఆనందంతో కేక పెట్టాడు. “మెల్లగా నాయనా! భయపడితే తల్లి గూడు వదిలి లేస్తుంది. అప్పుడు పిల్లలకు ఎండే శత్రువు” అన్నారు ఆ ఉద్యోగి. నాకు హదీసు గుర్తొచ్చింది. ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకున్నప్పుడు అది తల్లడిల్లుతూ చుట్టూ తిరిగింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అది చూసి, దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఆ హదీసును అరబీలో అప్పజెప్పగల మా పిల్లలు దాని అర్థాన్ని ఆ గోపురం మీద తెలుసుకున్నారు. తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

అక్కడి నుంచి సూళ్ళూరుపేట మీదుగా శ్రీహరికోట దారి పట్టాం. ఆ దారి సరస్సు మధ్యగానే పోతుంది. అటకానితిప్ప దగ్గర ఆగి చూస్తే లోతు తక్కువ నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి ఉన్నాయి. తల కిందులుగా వంచి, నీటిని ముక్కుతో వడగట్టి, అందులోని సూక్ష్మజీవులను తింటాయి. వాటి గులాబీ రంగు ఆ ఆహారం నుంచి వచ్చిందే. ఇవి ఇక్కడ గూళ్ళు కట్టవు. మేతకు వచ్చిన అతిథులు. వీటి పేరిటే సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతూ బడిపిల్లలను ఇక్కడికి తీసుకొస్తారు.

జుహర్ వేళయింది. “ఈ ఉప్పునీటితో వుజూ చెల్లుతుందా హజ్రత్?” అని ఒకడు అడిగాడు. ఆ రోజు నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే! సముద్రయానం చేసేవారు ఇదే అడిగినప్పుడు, సముద్రపు నీరు పరిశుద్ధమని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పిన సంగతి వివరించాను.

నమాజయ్యాక వల బాగుచేసుకుంటున్న ఒక జాలరి పెద్దాయన దగ్గర కూర్చున్నాం. “సాయిబుగారూ, రొయ్య సముద్రంలో పుడుతుంది. పిల్లగా ఉన్నప్పుడు లోపలికి వచ్చి ఇక్కడ పెరుగుతుంది. పెద్దదై మళ్ళీ సముద్రానికి పోతుంది. ముఖద్వారం ఇసుకతో పూడితే అది రాలేదు, పోలేదు. ఎండాకాలం నీరు ఇగిరి, ఉప్పు పెరిగి, చేప చస్తుంది. అప్పుడు మా పిల్లలు కూలికి పోతారు” అన్నారాయన. రెండు నీళ్ళ మధ్య అల్లాహ్ ఉంచిన తూకం చెదిరితే ఒక ఊరి పొయ్యి ఆరిపోతుందని పుస్తకం పట్టని ఆ మనిషి నాకు బోధించారు.

తిరుగు ప్రయాణంలో పిల్లలకు సాలిం అలీ గురించి చెప్పాను. 1896లో బొంబాయిలో పుట్టి, తల్లిదండ్రులు లేక మేనమామ ఇంట పెరిగిన ఆ కుర్రవాడు ఒకనాడు మెడ మీద పసుపు మచ్చ ఉన్న పిచ్చుకను కొట్టాడు. అదేమి పిట్టో తెలియక మేనమామ అతణ్ణి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి అధికారి విసుక్కోకుండా భద్రపరచిన పక్షులను చూపించారు. ఆ పిల్లవాడే తర్వాత 1931-32లో హైదరాబాద్ సంస్థానపు పక్షులను సర్వే చేశాడు. దేశం గర్వించే పక్షిశాస్త్రవేత్త అయ్యాడు. పసివాడి ప్రశ్నకు ఒక సంస్థ తలుపు తెరిచినందువల్ల జరిగిన మేలు ఇది. నేలపట్టు కేంద్రమూ అలాంటి తలుపే. దాన్ని తట్టవలసింది మనం.

ఇంటికి చేరేసరికి ఇషా దాటింది. నేను చెప్పిందంతా మా చిన్నమ్మాయి శ్రద్ధగా విని, “అబ్బా, మరి మమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళలేదు?” అంది. మదరసాలో బాలికల తరగతీ ఉంది. వాళ్ళూ అదే సూరా చదువుతున్నారు. వాళ్ళను పిలవాలన్న తలంపే నాకు రాలేదు. ఒక ఏడాదిలో ఇది రెండోసారి, పిల్లల ప్రశ్న ముందు నేను మౌనంగా నిలబడటం.

ఇన్షా అల్లాహ్, వచ్చే చలికాలం తల్లులతో, ఉపాధ్యాయినులతో కలిసి బాలికలు వెళ్తారు. పాఠకులారా, మీరూ మీ పిల్లలతో వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఉదయమే చేరండి, దుర్భిణి ఉంటే తీసుకెళ్ళండి, ప్లాస్టిక్ అక్కడ వదలకండి, గొంతు తగ్గించండి. తెలియనిది తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడానికి సిగ్గుపడకండి. నా ప్రయాణం మొదలైంది ఆ ఒప్పుకోలుతోనే.